వరదలో పోయిన పిట్టల పుస్తకం

మస్కట్‌లో, రూవి పేటలో మా వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా కొండ. చెట్టూ చేమా లేని బోడికొండ. ఎండాకాలం మధ్యాహ్నం దాని మీదినుంచి వచ్చే గాలి, ఇటుకబట్టీ పక్కన నిలబడినట్టు ముఖాన కొట్టేది. అందుకే మా అమ్మ ఆ కిటికీ అద్దాలకు అట్టపెట్టెలు కోసి అంటించింది. ఒక మూల అట్ట ఊడిపోయి అరచెయ్యంత సందు మిగిలింది. 1994 డిసెంబరులో, నాకు పదేళ్లప్పుడు, ఆ సందులోంచి మొదటిసారి ఆ పిట్టను చూశాను.

రాతి మీద కూచుని ఉంది. తల, మెడ, వీపు, రెక్కలు నిగనిగలాడే నలుపు. పొట్ట అంతా సున్నం కొట్టినట్టు తెలుపు. మధ్యలో ఎక్కడా బూడిదరంగు లేదు. నలుపు ఆగిన చోటే తెలుపు మొదలు. ఒకసారి వంగి లేచింది, ఎగిరి పక్క రాతి మీద వాలింది, వాలేటప్పుడు తోక విప్పితే తెల్లటి తోక చివర నల్ల అంచు కనబడింది. గడ్డిపోచ కూడా మొలవని ఆ కొండ మీద ఇది ఏం తిని బతుకుతుందా అని నాకు ఆశ్చర్యం. అమ్మను పిలిచాను. చేతికి పిండి ఉండగానే వచ్చి, ఒక కన్ను మూసి సందులోంచి చూసి, "మన నల్లంచి మాదిరి ఉందిరా, అయితే మన నల్లంచికి పొట్ట తెలుపుండదే" అంది.

మాది కడప జిల్లా, సిద్ధవటం దగ్గర పల్లె. ఇంటి ముందు నిలబడితే లంకమల కొండలు కనిపిస్తాయి. మా నాయన ఒమాన్‌లో ఒక కంపెనీలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేరిన ఏడేళ్లకు ఫ్యామిలీ వీసా దొరికి మమ్మల్ని తీసుకుపోయినాడు. స్కూల్లో నాకు హిందీ రాదు, ఇంగ్లీషు సగం వచ్చు. తెలుగు మాట్లాడే పిల్లలు మా తరగతిలో లేరు. వచ్చిన తొలి నాలుగు నెలల్లో నేను ఇంట్లో తప్ప బయట నోరు తెరిచి మాట్లాడింది తక్కువ. ఆ నలుపుతెలుపు పిట్ట కోసం మాత్రం రోజూ బడినుంచి రాగానే సంచీ పక్కన పడేసి కిటికీ దగ్గరికి పోయేవాణ్ని.

నాయన వాళ్ల ఆఫీసునుంచి వాడని రిజిస్టరు ఒకటి తెచ్చిచ్చాడు. ముదురాకుపచ్చ గట్టి అట్ట, వీపుకు ఎర్ర గుడ్డ, లోపల నీలం గీతలు, ప్రతి పేజీకి అచ్చువేసిన నంబరు. అమ్మ ఒక షరతు పెట్టింది: పిట్టల గురించి ఏం రాసుకున్నా తెలుగులోనే రాయాలి. స్కూల్లో తెలుగు లేదు, నేను అక్షరాలు మర్చిపోతానని ఆమె భయం. పేజీని నాలుగు గడులుగా గీసుకున్నాను. తేదీ, చోటు, పిట్ట, ఏం చేస్తా ఉంది. మొదటి గడిలో "తెల్లపొట్ట నల్లంచి" అని రాశాను. నాకు ఒత్తులు కుదురుగా వచ్చింది, "ళ" గుండ్రంగా రాయడం వచ్చింది ఆ పుస్తకంలోనే. ఈ రోజు నేను రాసే తెలుగుకు బడి అదే.

పేర్లన్నీ అమ్మ చెప్పినవి. కౌజు, గువ్వ, తేనెపిట్ట, లకుముకి, పసిరిక, తీతువు, నారాయణపక్షి. ఆమెకు వాళ్లమ్మ చెప్పినవి. మస్కట్‌లో ఇవన్నీ ఉన్నాయంటే మా ఊళ్లో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఎడారి అంటే ఇసుక, ఒంటె తప్ప ఏమీ లేదనుకుంటారు. ఒమాన్‌లో ఇప్పటిదాకా కనబడిన పక్షుల జాతులు 500కు పైగా. ఆసియా, ఆఫ్రికా, ఐరోపా మూడింటి మధ్య దారిలో ఉన్న దేశం కాబట్టి శీతకాలం వచ్చిందంటే సముద్రం ఒడ్డు నిండిపోతుంది. దక్షిణాన మసీరా ద్వీపానికి ఎదురుగా బర్ అల్ హిక్మాన్ అనే బురదమైదానాల్లో లక్షల సంఖ్యలో నీటిపిట్టలు దిగుతాయి. అక్కడికి నేను పోయింది పెద్దయ్యాకే. చిన్నప్పుడు నాకు తెలిసిన ఒమాన్ అంతా రూవి, ఖురుమ్ మడచెట్లు, అమరాత్ దారి, అన్సబ్ చెరువులు.

నాయన పనిచేసే చోట ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఉండేవాడు. మావాడు పిట్టల పిచ్చోడయ్యాడని నాయన ఆయనకు ఎప్పుడో చెప్పినట్టున్నాడు. ఒక బుధవారం సాయంత్రం పెద్ద పుస్తకం ఒకటి గుడ్డలో చుట్టి పంపాడు. మైకేల్ గాలఘర్ రాసిన, మార్టిన్ ఉడ్‌కాక్ బొమ్మలు వేసిన 'ది బర్డ్స్ ఆఫ్ ఒమాన్'. 1980లో వచ్చింది. అప్పట్లో అక్కడ గురు, శుక్రవారాలు సెలవు. శనివారం పొద్దున పుస్తకం వెనక్కి ఇచ్చేయాలి. ఆ రెండు రోజులూ బటర్ పేపరు పెట్టి బొమ్మలు దించుకున్నాను. అట్లా దాదాపు ఏడాది పాటు, ఆయన ఊళ్లో ఉన్నప్పుడల్లా పుస్తకం మా ఇంటికి వచ్చి పోయేది. గాలఘర్ సైన్యంలో పనిచేసి, ఒమాన్ పక్షుల మీద మనసుపడి అక్కడే ఉండిపోయిన మనిషి. అల్ ఖువైర్‌లో నేచురల్ హిస్టరీ మ్యూజియం నిలబడడంలో ఆయన చెయ్యి ఉంది. ఆ మ్యూజియంలో పెద్ద తిమింగలం ఎముకలగూడు ఉంది, బడిపిల్లలందరూ దాని కిందే నిలబడి ఫొటో దిగుతారు. నేను పక్షుల గదిలో గాజు అల్మరాల ముందు నిలబడేవాణ్ని.

ఆ పుస్తకంలోనే నా తెల్లపొట్ట నల్లంచికి ఇంగ్లీషు పేరు దొరికింది: హ్యూమ్స్ వీటియర్. హ్యూమ్ అంటే ఎవరో నాకు తెలియదు. ఆ పేరు ఆకుపచ్చ పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసి ఊరుకున్నాను.

మా బిల్డింగు వాచ్‌మన్ బలూచీ పెద్దాయన. గ్వాదర్‌లో పుట్టాడు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఆ గ్వాదర్ 1958 దాకా ఒమాన్ సుల్తానుదే. అక్కడినుంచి సుల్తాను సైన్యంలో చేరడానికి కుర్రతనంలోనే పడవలో మస్కట్ వచ్చినాయన. మేం చాచా అనేవాళ్లం. మా ఇంట్లో వచ్చీరాని హిందీ, ఆయనది వంకర ఉర్దూ. ఆ రెంటితో మాకు బాగా కుదిరింది. ఆయన దగ్గర సైన్యం నాటి బైనాక్యులర్స్ ఉండేది. బరువు కేజీపైనే ఉంటుంది. కుడివైపు అద్దం లోపల బూజుపట్టి మసకబారింది, ఎడమవైపు మాత్రం స్ఫటికం. నేను ఎడమకంటితోనే ఒమాన్ చూశాను. ఇప్పటికీ కొత్త బైనాక్యులర్స్ చేతికొస్తే ముందు కుడికన్ను మూసుకుంటుంది.

శుక్రవారాలు చాచా తన పాత పికప్‌లో ఖురియాత్ దారిలో ఉన్న చుట్టాల మేకలు చూడ్డానికి పోయేవాడు. నాయన ఒప్పుకుంటే నన్నూ ఎక్కించుకునేవాడు. వాది అదై లోయలో కొండల సందున పోయి అమరాత్ దగ్గర తేలేవాళ్లం. ఆ వైపు చెత్త పారబోసే చోటు ఒకటుండేది. అక్కడ పికప్ ఆపి అద్దం దించేవాడు. వాసన భరించలేం. కానీ ఆకాశం! శీతకాలంలో ఉత్తరాది గడ్డిమైదానాలనుంచి దిగివచ్చిన పెద్ద గద్దలు, వాటి మధ్య పసుపురంగు బోడిముఖంతో తెల్ల రాబందులు. ఒకసారి లెక్కపెట్టబోయి నలభై దాటాక వదిలేశాను.

ఆ సంగతి సెలవుల్లో మా అవ్వకు చెప్తే ఆమె నన్ను దగ్గర కూచోబెట్టుకుని పక్షితీర్థం కథ చెప్పింది. చెంగల్పట్టు దగ్గర తిరుక్కళుక్కుండ్రం కొండను మన తెలుగువాళ్లు పక్షితీర్థం అంటారు. రోజూ మధ్యాహ్నం రెండు పక్షులు వచ్చి పూజారి చేతిమీద ప్రసాదం తినిపోయేవి. అవ్వ పెళ్లయిన కొత్తలో తాతతో పోయి, ఎండలో మెట్లెక్కి, రెండు గంటలు కాచుకుని చూసిందట. ఆ రెండూ తెల్ల రాబందులే. "నువ్వు నలభై చూసినావా? నేను రెంటికి దండం పెట్టుకోనీకి అంత దూరం పోతి" అంది. 1990లు ముగిసేసరికి పక్షితీర్థానికి ఆ జంట రావడం ఆగిపోయింది. మన దేశంలో పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువును తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 2006లో ఆ మందును పశువులకు నిషేధించే నాటికి కోట్లలో ఉన్న రాబందులు వేలల్లోకి పడిపోయాయి. అవ్వ దండం పెట్టుకున్న పక్షి, దుర్గంధం మధ్య నేను ఎడమకంటితో లెక్కపెట్టిన పక్షి ఒకటే. తెల్ల రాబందులు ఈ నాటికీ అంత దండిగా మిగిలిన దేశాలు ప్రపంచంలో కొన్నే. ఒమాన్ వాటిలో ఒకటి. ఆ మాట రాస్తుంటే ఆ దేశం మీద నాకు గౌరవం పొంగుతుంది.

1996 దసరా. నాయనకు సెలవు లేదు. రాత్రి ఫోనులో అవ్వ, "పాలపిట్టను చూసినారా, జమ్మికి దండం పెట్టినారా" అని అడిగింది. ఒమాన్‌లో ఎక్కడ తెచ్చేది జమ్మి? అమ్మ ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం ఏదో తట్టింది. చాచా మేకలుండే వాదిలో, అంటే ఎండిన వాగులో, గాఫ్ అనే చెట్లున్నాయి. ముళ్లు, సన్నటి ఆకులు, ఎంత కరువొచ్చినా పచ్చగా. ఆ చెట్టు ఆకు ఒకటి నా పుస్తకంలో పేజీల మధ్య ఉంది. తీసి చూపించాను. అమ్మ దాన్ని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి, కళ్లకద్దుకుంది. "ఇది జమ్మేరా." గాఫ్ అంటే మన జమ్మిచెట్టే. ఆ శుక్రవారం చాచా పికప్‌లో అమ్మ కూడా వచ్చింది. పట్టుచీర కట్టుకుని, పళ్లెంలో పసుపు కుంకుమలతో. చాచా దూరంగా నిలబడ్డాడు. చెట్టు చుట్టూ తిరిగి అమ్మ తలెత్తితే, వాది ఒడ్డున కరెంటు తీగ మీద పాలపిట్ట. కూచున్నప్పుడు మట్టిరంగు, రెక్క విప్పితే నీలంలో నీలం. ఉత్తర ఒమాన్‌లో పాలపిట్టలు ఏడాదంతా ఉంటాయి, మేం రోజూ చూసేవాళ్లమే. ఆ రోజు అమ్మ కంట నీళ్లు తిరిగాయి. పండగ అయిపోయాక చేసుకున్న దసరా అది. అంతకంటే మంచి దసరా నాకు గుర్తులేదు.

కాకి సంగతి కూడా చెప్పాలి. మా తాత తద్దినం నాడు నాయన మిద్దె మీద పిండం పెట్టి, కాకుల కోసం చప్పట్లు కొట్టేవాడు. ఐదు నిమిషాల్లో వచ్చేవి. అవి మన ఊరకాకులే. ఎప్పుడో ఓడలెక్కి వచ్చి రేవుల్లో దిగి స్థిరపడ్డ జాతి. గోరువంకలూ బయటినుంచి వచ్చినవే. వాటివల్ల అక్కడి పిట్టల గూళ్లకు, పంటలకు నష్టమని ఒమాన్ ప్రభుత్వం ఇప్పుడు ఈ రెంటినీ తగ్గించే పని పెట్టుకుంది. అది సరైన పనే. బయటినుంచి వచ్చిన జాతి పెరిగితే స్థానిక పిట్టకు చోటుండదు. అయినా ఆ వార్త చదివినప్పుడల్లా మిద్దె మీద ఎండలో నిలబడి, వాళ్ల నాయన కోసం చేతులు తడుతున్న మా నాయనే కనబడతాడు.

ఇక అడవి పిచ్చుక. స్కూలు లైబ్రరీలో సలీం అలీ ఆత్మకథ 'ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో' ఉండేది. చిన్నప్పుడు ఆయన ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు కింద పసుపు మరక ఉండడం, అదేమిటో తెలుసుకోవడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మెట్లెక్కడం, అక్కడ కార్యదర్శి మిలార్డ్ ఆ పిల్లవాణ్ని కోప్పడకుండా అల్మరాలు తెరిచి సొసైటీ సేకరణంతా చూపించడం; ఆ పుటలు నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ పిచ్చుకనే మా అమ్మ అడవి పిచ్చుక అనేది.

1997 మార్చి ఆఖరులో, వాదిలో అమ్మ దండం పెట్టిన అదే జమ్మిచెట్టు మీద, పిచ్చుక గొంతులా ఉండి పిచ్చుక కాని కూత వినబడింది. మసకద్దం మూసి చూశాను. ఊరపిచ్చుక కంటే సన్నం. ముక్కు నల్లగా, కొంచెం పొడుగు. ఒళ్లంతా బూడిదరంగు. భుజం మీద ఇటుకరంగు మచ్చ. తల పైకెత్తి కూసినప్పుడు గొంతు కింద పసుపు, పెళ్లికూతురికి పసుపు రాసి తుడిచేసినట్టు లేతగా. పావుగంట అక్కడే నిలబడ్డాను. చాచా వచ్చి భుజం మీద చెయ్యేస్తే తప్ప కదల్లేదు.

ఆ పిచ్చుక మన దేశంలో చలికాలం గడిపి, వసంతానికి సముద్రం దాటి ఒమాన్ చేరి, చెట్టుతొర్రలో గూడుపెట్టి, ఎండాకాలం చివర్లో మళ్లీ మన దేశానికి తిరుగుతుంది. గల్ఫ్ కుటుంబాలన్నీ స్కూలు సెలవులకు జూన్‌లో ఇండియాకు పోయి ఆగస్టులో తిరిగొస్తాయి. ఆ పిచ్చుక సరిగ్గా దీనికి తిరుగుడు. మేం ఊరికి బయల్దేరేసరికి అది అక్కడ గూట్లో పిల్లల్ని సాకుతూ ఉండేది. మేం వచ్చేసరికి తొర్ర ఖాళీ.

సెలవుల్లో ఊరికి పోతే అక్కడ ఇంకో పిట్ట కథ. లంకమల పొదల్లో ఉండే కలివికోడి. కలివిపొదల మధ్య తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. 1848లో జెర్డన్ అనే డాక్టరు ద్వారా లోకానికి తెలిసిన పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనబడక, లేదనుకున్నాక, 1986 జనవరిలో మా జిల్లాలోనే మళ్లీ దొరికింది. రాత్రిపూట తప్ప బయటికి రాదు. తాత ఉన్నన్నాళ్లూ నన్ను పొలం గట్టుమీద కూచోబెట్టి, "చీకట్లో కళ్లతో కాదు నాయనా, చెవులతో చూడాల" అనేవాడు. నాకు అది కనబడలేదు, వినబడలేదు. ఆ చెవులతో చూడ్డం మాత్రం అబ్బింది.

అది ఒమాన్‌లో అక్కరకొచ్చిన రాత్రి ఒకటుంది. 1999 ఫిబ్రవరి, గురువారం. చాచా చుట్టాలింట్లో పెళ్లి. మర్నాడు సెలవు కాబట్టి నాయన పంపాడు. హజర్ కొండల్లో ఎత్తైన లోయ, రెండువైపులా నిలువు గోడల్లాంటి రాళ్లు. తిండి అయ్యాక మగవాళ్లు మంట చుట్టూ కాఫీ తాగుతుంటే నేను చాచా పక్కన పరుపు మీద పడుకున్నాను. ఎప్పుడో మెలకువొచ్చింది. మంట ఆరిపోయింది. పైన రాతిగోడ మీదినుంచి ఒక గొంతు. మెత్తగా, లోతుగా, ఖాళీ కుండలోకి ఊదినట్టు. ఆగి మళ్లీ అదే. లోయంతా అది నిండి తిరిగి వచ్చేది. చాచా కూడా లేచి ఉన్నాడు. వేలు పెదవుల మీద పెట్టి ఆకాశం వైపు చూపించాడు. పొద్దున పుస్తకంలో పేజీన్నర రాశాను. కూతలో ఎన్ని ముక్కలు, ఏది పొడుగు, ఏది పొట్టి, మధ్యలో ఎంతసేపు ఆగింది. తాత నేర్పినట్టు మాత్రలు లెక్కపెట్టి, గీతలు గీసి. పిట్ట అన్న గడిలో "గుడ్లగూబ, పేరు తెలియదు" అని రాసిన గుర్తు. ఇంజనీరు అప్పటికే దేశం విడిచి వెళ్లిపోయాడు. అడగడానికి ఎవరూ లేరు.

ఇంటర్‌కు నన్ను హైదరాబాద్ పంపారు. ఏడేళ్లలో నిండిన మూడు రిజిస్టర్లూ మస్కట్‌లోనే ఉన్నాయి. ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను. అమ్మానాయనలు తర్వాత అల్ ఘుబ్రాలో కింది అంతస్తు ఇంటికి మారారు. 2007 జూన్ మొదటి వారంలో గోను తుఫాను వచ్చింది. ఆ దేశం తన జ్ఞాపకంలో ఎరగని వాన. ఎండిన వాదులన్నీ ఒక్కసారిగా కదిలి కొండలనుంచి ఊరి మీద పడ్డాయి. ఖురుమ్‌లో, ఘుబ్రాలో కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. దాదాపు యాభైమంది ప్రాణాలు పోయాయి. మా ఇంట్లో నడుమెత్తు బురద నిలిచింది. అమ్మానాయనలు పై అంతస్తు వాళ్లింట్లో రెండు రాత్రులు గడిపి బతికి బయటపడ్డారు. ఫోను కలిసిన మూడోరోజు అమ్మ అన్న మొదటి మాట, "అందరం బాగున్నాం". రెండో మాట, "నీ పిట్టల పుస్తకాలు పోయినాయి నాయనా". మెట్ల కింద ఇనుప పెట్టెలో ఉన్నాయవి. పెట్టె దొరికింది. లోపల ఒకటే ముద్ద. నీలం సిరా అంతా కడుక్కుపోయి, పేజీలు ఒకదానికొకటి అతుక్కుని, పెసరపప్పు రుబ్బినట్టు ఉందట. ప్రాణాలు దక్కిన ఇంట్లో కాగితాల కోసం ఏడవడం తప్పనిపించి నేను ఏమీ అనలేదు.

ఏడ్చింది ఆరేళ్లు గడిచాక. 2013 మార్చిలో మాగ్నస్ రాబ్ అనే శబ్దాలు రికార్డు చేసే పక్షిశాస్త్రవేత్త, హజర్ కొండల్లో ఒక లోయలో చిన్న గుడ్లగూబల కూతలు పట్టుకోబోతుంటే, దూరంగా ఎన్నడూ వినని గొంతు ఒకటి మైకులో పడింది. మిత్రుడు ఆర్నూద్ వాన్ డెన్ బెర్గ్‌తో కలిసి మళ్లీ మళ్లీ పోయి వెతికాడు. ఆ ఏడాదే దానికి ఒమాన్ పేరు పెట్టి కొత్త జాతిగా ప్రకటించారు. ఇంటర్నెట్టులో ఆ రికార్డింగు విన్నాను. ఒక్కసారి విని ఆపేశాను. ఖాళీ కుండలోకి ఊదినట్టు.

నేను విన్నది అదేనని అనను. ఆ లోయల్లో గుడ్లగూబలు వేరేవీ ఉన్నాయి. పద్నాలుగేళ్ల పిల్లవాడి నిద్రకళ్లు, పద్నాలుగేళ్ల పాత జ్ఞాపకం. ఆ పేజీన్నర ఉంటే తెలిసేది. గీతలు, మాత్రలు పక్కన పెట్టుకుని రికార్డింగు వింటే అవునో కాదో పది నిమిషాల్లో తేలేది.

ఆ గుడ్లగూబ కథ అంతటితో ముగియలేదు. 2015లో తేలిందేమంటే, అది కొత్త జాతి కాదు. దాన్ని 1878లోనే ఒకరు లోకానికి చెప్పారు. మక్రాన్ తీరంలో ఒర్మారా అనే చోటునుంచి వచ్చిన ఒకే ఒక పక్షిచర్మాన్ని చూసి, కెప్టెన్ బట్లర్ పేరు పెట్టి రాసింది అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. నా కిటికీ పిట్ట పేరులోని హ్యూమ్. 1885లో కాంగ్రెస్ పుట్టుకకు కారకుడైన ఆ హ్యూమే. ఆ చర్మం ఇంగ్లండులో ట్రింగ్ మ్యూజియం సొరుగులో ఉంది. నూట ముప్పై ఏడేళ్ల నాటి ఆ చర్మం డీఎన్‌ఏ, ఒమాన్ కొండల్లో పట్టి వదిలిన గుడ్లగూబ డీఎన్‌ఏతో సరిపోయింది. ఒర్మారా అంటే చాచా పుట్టిన గ్వాదర్ ఉన్న తీరమే, సముద్రానికి ఆ ఒడ్డు.

హ్యూమ్ జీవితంలో ఇంకో ఘట్టం ఉంది. భారతదేశపు పక్షుల మీద పాతికేళ్లు కూడబెట్టిన రాతప్రతులు సిమ్లాలో ఆయన ఇంట్లో ఉండేవి. 1884-85 చలికాలంలో ఆయన లేని సమయంలో పనివాడు వాటిని చిత్తుకాగితాల కింద బజారులో అమ్మేశాడు. ఆ దెబ్బకు హ్యూమ్ పక్షులనే వదిలేశాడు. 80 వేలకు పైగా ఉన్న చర్మాలు, గుడ్లు లండన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. అందులోదే ఆ ఒర్మారా గుడ్లగూబ. రాసింది పోయింది, పంపించేసింది మిగిలింది.

అవ్వ 2016లో పోయింది. కర్మలయ్యాక ఆమె ట్రంకుపెట్టె తీశాం. చీరల అడుగున, కర్పూరం వాసన కొట్టే గుడ్డలో, నేను మస్కట్ నుంచి రాసిన ఉత్తరాలు నాలుగు. మూడింట్లో పరీక్షలు, జ్వరాలు. నాలుగోది 1997 ఏప్రిల్‌ది, పెన్సిలుతో: "అవ్వకు నమస్కారం. ఇక్కడ జమ్మిచెట్టు తొర్రలో అడవి పిచ్చుక గూడు పెట్టింది. గొంతు కింద పసుపు ఉంది. ఇది మన దేశం నుంచి వచ్చిందంట. నువ్వు చూసింటావు. మళ్లీ మన దేశానికే వస్తుంది, చూసి రాయించు." పక్కన బొమ్మ. భుజం మీద మచ్చకు ఎర్ర పెన్సిలు, గొంతుకు నిజమైన పసుపు వేలితో అద్ది ఉంది. ఆ పసుపు నేను అద్దలేదు. అవ్వ అద్దుకుంది.

ఏడేళ్ల నా ఒమాన్ పక్షుల్లో తేదీతో, చోటుతో మిగిలింది ఆ ఒక్కటే. మిగతావి అమ్మను కూచోబెట్టి ఫోనులో రాసుకున్నాను. అరవై ఒక్క పేర్లు దొరికాయి. తేదీలు దొరకలేదు.

రెండేళ్ల కిందట మస్కట్ పోయాను. చాచా లేడు. అన్సబ్‌లో మేం ముక్కు మూసుకుని తిరిగిన మురుగునీటి చెరువులు ఇప్పుడు శుభ్రమైన చిత్తడినేల, పక్షుల్ని చూడ్డానికి చెక్క గుడిసెలు కట్టారు. తీతువు మాత్రం పాత గొంతుతోనే తిట్టింది. రూవిలో మా వంటింటి కిటికీ స్థానంలో ఏసీ ఉంది. కింద వీధిలో నిలబడి కొండ వైపు చూస్తే, రాతి మీద నలుపూ తెలుపూ.

గల్ఫ్‌లో పెరిగిన తెలుగువాళ్లు, అక్కడ ముప్పై నలభై ఏళ్లు పనిచేసి తిరిగొచ్చిన పెద్దవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. మీ ఇళ్లలో, మీ అవ్వల పెట్టెల్లో ఆనాటి ఉత్తరాలు ఉంటాయి. పాత పేపర్లవాడికి వేసేముందు ఒక్కసారి విప్పి చదవండి. అందులో పిట్టో, చెట్టో, వానో, తేదీతో కనబడితే ఆ కాగితాన్ని ఫొటో తీయండి. ఆ ఫొటో ఇంకో ఊళ్లో, ఇంకో ఇంట్లో కూడా ఉంచండి.